మత్తడి పడ్డదా?



వానకాలం మొదలై నెల గడిచిందంటే మా హనుమకొండలో పలకరింపు మారిపోతుంది. కూరగాయల బండి దగ్గర, బస్టాండులో, పెళ్ళి పందిట్లో ఎక్కడ చూసినా ఇదే ముచ్చట. "పాకాల మత్తడి పడ్డదట కదా" అని ఒకరంటే, "లక్నవరం ఇంకా రెండడుగులు తక్కువున్నదట" అని ఇంకొకరు. క్రికెట్ స్కోరు అడిగినట్టు చెరువుల నీటిమట్టం అడుగుతారు. కొత్తగా కోడలై వచ్చిన అమ్మాయికో, బదిలీ మీద వచ్చిన ఉద్యోగికో ఇదేం భాషో అర్థం కాదు. చెరువు నిండాక మిగులు నీళ్ళు పొర్లిపోవడానికి కట్టకు ఒక పక్కన రాతితో కట్టిన ఏర్పాటే మత్తడి. కొన్ని చోట్ల అలుగంటారు, రాయలసీమలో మరవ అంటారు. నీళ్ళు దాని మీదుగా జారితే మత్తడి పడ్డది అంటాం. ఉరికితే మత్తడి దుంకింది అంటాం. పడటానికీ దుంకడానికీ తేడా మా దగ్గర పిల్లలకు కూడా తెలుసు.

ఓరుగల్లు నుంచి ఒక్క రోజులో పోయి రాగలిగిన చోట్ల గురించి ఈ పూట మాట్లాడదామనుకుంటున్నాను. హైదరాబాదు నుంచో, అమెరికా నుంచో మా ఇంటికి చుట్టాలు వస్తారు. మొదటి రోజు వేయిస్తంభాల గుడి, భద్రకాళి, సాయంత్రం కోట. రెండో రోజు పొద్దున చాయ్ తాగుతూ "ఇంకేమున్నయి మామయ్యా మీ ఊళ్ళో?" అని అడుగుతారు. ఊళ్ళో ఉన్నవి తక్కువేం కాదు. వేయిస్తంభాల గుడి రుద్రదేవుడు 1163లో కట్టించినది. కోటలో కీర్తితోరణాలు నాలుగు దిక్కులా నిలబడి ఉన్నాయి, వాటి మధ్య ఉండాల్సిన గుడి మాత్రం లేదు. 1323లో ఢిల్లీ సైన్యం ధాటికి పడిన ముక్కలన్నీ అక్కడే పరిచి ఉన్నాయి. అయితే కోటలో ఎంతసేపు తిరిగినా రాజులు కనబడతారు గానీ రాజ్యం కనబడదు. ఇంత రాయి మోయించడానికీ, ఇంతమంది శిల్పులను ఏళ్ళ తరబడి పోషించడానికీ బియ్యం ఎక్కడి నుంచి వచ్చాయన్న ప్రశ్నకు కోట దగ్గర జవాబు లేదు. అందుకే మా చుట్టాలకు నేను చెప్పే మాట ఒక్కటే. బండి తియ్యండి, ములుగు రోడ్డు పట్టండి.

సొంత బండి లేకపోయినా ఇబ్బంది లేదు. హనుమకొండ బస్టాండు నుంచి ములుగుకూ ఏటూరునాగారానికీ బస్సులు నడుస్తూనే ఉంటాయి. 2023 డిసెంబరు నుంచి మా రాష్ట్రపు ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్టు చింపి ఇస్తాడు. దాంతో ఆదివారం పొద్దున ఏటూరునాగారం బస్సెక్కితే నలుగురు అక్కాచెల్లెళ్ళు, ఇద్దరు వదినెలు, ఒక ముసలవ్వ కలిసి పొయ్యే జట్లు రెండు మూడైనా కనబడతాయి. సర్వపిండి మూటలు విప్పుతారు. పక్కనున్నవాళ్ళకు ఒక ముక్క పెట్టందే తినరు. మీరూ ఇంట్లో చేయించుకొని పట్టుకెళ్ళండి. వేరుశనగలు, నువ్వులు కాస్త ఎక్కువ వేసి, గిన్నెకు ఒత్తి కాల్చింది అయితే సాయంత్రం దాకా కరకరలాడుతుంది.

ఆత్మకూరు దాటాక కటాక్షపురం వస్తుంది. అక్కడి పాత చెరువు నిండితే మత్తడి నీళ్ళు రోడ్డు మీదికే వస్తాయి. ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పుకోవాలి. పెళ్ళైన కొత్తలో, నా భార్యను స్కూటర్ వెనక ఎక్కించుకొని రామప్పకు బయల్దేరాను. కటాక్షపురం దగ్గర రోడ్డు మీద నీళ్ళు సన్నగా పారుతున్నాయి. మడమ లోతే కదా అనుకున్నాను. సగం దూరం పోయేసరికి పిక్కల లోతు. ఇంజనులోకి నీళ్ళు పోయి బండి ఆగింది. కాలు కింద పెడితే నీటి వడి కాలును పక్కకు లాగుతోంది. పట్టుచీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకొని మా ఆవిడ, హ్యాండిలు గట్టిగా పట్టుకొని నేను. అవతల బర్రెలు కాసే పిల్లగాడు వచ్చి వెనక నుంచి తోశాడు. ఒడ్డు చేరాక వాడన్న మాట నాకిప్పటికీ గుర్తే. "మత్తడి మీద బండి నడుపుతరా సారూ ఎవలన్నా? సార్లకు గింత తెల్వదా?" ఆ రోజు రామప్ప చూడలేదు. చీర ఆరబెట్టుకొని వెనక్కి వచ్చాం.

ములుగు చేరే ముందు రోడ్డు పక్కన గట్టమ్మ తల్లి గుడి ఉంటుంది. ఆ దారిన అడవిలోకి పొయ్యే ఏ బండైనా అక్కడ ఒక నిమిషం ఆగుతుంది, ఆగకపోతే వేగమన్నా తగ్గిస్తుంది. బస్సు కిటికీల్లోంచి చేతులు బయటికి వచ్చి దండం పెడతాయి. మేడారం పొయ్యేవాళ్ళు తొలి మొక్కు ఇక్కడే చెల్లిస్తారు. ఇక్కడి నుంచి ఊరు అయిపోయి అడవి మొదలైందన్న హెచ్చరిక కూడా అందులో ఉందనిపిస్తుంది నాకు.

జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర ఎడమకు మళ్ళితే పాలంపేట, అంటే రామప్ప. హనుమకొండ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రుద్రేశ్వరాలయం ఇది. గుడి ఆవరణలోని శాసనం దాన్ని 1213 నాటిదని చెబుతోంది. కట్టించిన రాజు పేరు గానీ, సేనాని పేరు గానీ, చివరికి దేవుడి పేరు గానీ జనం నోట నిలవలేదు. శిల్పి పేరని చెప్పే రామప్ప నిలిచాడు. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక అక్కడికి జనం బాగా పెరిగారు. పెరగడం మంచిదే. కాని చాలామంది గుడి చుట్టూ ఒక్క తిరుగుడు తిరిగి, నంది దగ్గర ఫొటో దిగి, అరగంటలో బయటపడుతున్నారు. రామప్పకు కనీసం మూడు గంటలు పెట్టుకోండి.

ముందు పైకి చూడకండి, కింది నుంచి మొదలుపెట్టండి. గోడ అడుగున గుడి చుట్టూ ఏనుగుల వరుస నడుస్తూ ఉంటుంది. ఒకదాని తొండం ఉన్నట్టు ఇంకోదానికి ఉండదు. పిల్లలకు చూపించి తేడాలు కనిపెట్టమంటే గంట సేపు మీ జోలికి రారు. గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయి. లోపలి స్తంభాలు, చూరు కింద వాలుగా నిలబెట్టిన మదనికలు నల్లటి గట్టిరాయి. ఆ నల్లరాయి ఎంత గట్టిదంటే ఎనిమిది వందల వానాకాలాలు దాటినా నునుపు పోలేదు. మదనికల మెడలో హారం నీడ వాళ్ళ గుండెల మీద పడేట్టు చెక్కారు. రాతి హారానికి రాతి ఒంటి మీద నీడ. మధ్యాహ్నం రెండు దాటాక, ఎండ వాలుతున్నప్పుడు పడమటి వైపు నిలబడి చూడండి. ఎత్తు మడమల చెప్పులేసుకున్న వేటగత్తె కూడా వాళ్ళలో ఉంది. మా మనవరాలు ఆమెను చూసి "తాతా, హీల్స్!" అని అరిచింది.

గర్భగుడి ద్వారం పక్కన పొన్నచెట్టు కింద వేణువూదే కృష్ణుడు ఉన్నాడు. తడితే సప్తస్వరాలు పలుకుతాడని చెబుతారు. ఎన్ని వేల వేళ్ళు తట్టాయో అక్కడ! దయచేసి మీరు తట్టకండి. చూస్తే చాలు.

గుడి అడుగున ఏముందో తెలిస్తే రామప్ప మీద గౌరవం రెండింతలవుతుంది. పునాదికి గుంత తవ్వి, ఇసుకా సున్నం, బెల్లం, కరక్కాయ కలిపిన మిశ్రమంతో నింపారు. ఆ ఇసుకపెట్టె మీద గుడిని కూర్చోబెట్టారు. భూమి కదిలితే కుదుపును ఇసుక మింగేస్తుంది. పైన శిఖరానికి నీళ్ళలో తేలే ఇటుకలు వాడారు. కింద మెత్తన, పైన తేలిక. 2024 డిసెంబరు 4 పొద్దున ఏడున్నరకు ములుగు జిల్లాలో భూమి కంపించింది. తీవ్రత 5.3. హనుమకొండలో మా వంటింటి అలమారలో గిన్నెలు గలగలమన్నాయి. మా ఆవిడ మొదట నన్ను తిట్టింది, నేనే ఏదో పడేశానని. టీవీలో భూకంపమని చెప్పాక ఆమె అన్న తర్వాతి మాట, "అయ్యో, రామప్ప ఎట్లుందో." రామప్ప నిలబడే ఉంది. మండపం నేల ఎప్పటి నుంచో అలల్లా ఎగుడుదిగుడుగా ఉంది. ఆ అలల మీదే స్తంభాలు నిలిచి ఉన్నాయి.

గుడి చూశాక నూటికి తొంభై మంది బస్సెక్కేస్తారు. మీరెక్కకండి. రామప్ప చెరువు పక్కనే ఉంది. గుడీ చెరువూ ఒకే మనిషి పేరుతో చెప్పుకుంటారు. గుడి కట్టాలంటే ముందు ఊరు నిలవాలి, ఊరు నిలవాలంటే ముందు చెరువు నిండాలి. కాకతీయుల కాలపు లెక్క అది. పాతవాళ్ళు సప్తసంతానాలని ఏడింటిని చెప్పేవారు. కొడుకు, నిధి, అగ్రహారం, గుడి, తోట, కావ్యం, చెరువు. మనిషి పోయాక పేరు నిలబెట్టేవి అవి. చెరువు తవ్వించినవాడికి, మరమ్మతు చేయించినవాడికి దశబంధమని పదో వంతు లెక్కన మాన్యం దక్కేది. పుణ్యమూ వచ్చేది, పంటా వచ్చేది. ఒట్టి పుణ్యం మీద వదిలేస్తే ఏ చెరువూ వందేళ్ళు నిలవదని వాళ్ళకు తెలుసు.

కట్ట మీద నడుస్తూ ఒక పక్క నీళ్ళు చూడండి, రెండో పక్క పొలాలు కూడా చూడండి. ఈ మాట మీకు పదే పదే చెబుతాను, ఏమనుకోకండి. ఫొటోలన్నీ నీళ్ళ వైపు తిరిగే దిగుతారు. కట్ట ఎందుకు కట్టారో తెలిసేది వెనక్కి తిరిగితేనే.

రామప్ప నుంచి పది కిలోమీటర్ల లోపే గణపురం కోటగుళ్ళు. ఒకే ఆవరణలో 22 గుళ్ళు. సగం కూలినవి, సగం నిలబెట్టినవి. గైడు లేడు, గోల లేదు. చెట్ల కింద ఒక గంట కూర్చోవాలనిపిస్తుంది. పాండవుల గుట్టల మీద ఆదిమానవుల బొమ్మలున్నాయి. వాటికి వేరే రోజు పెట్టుకోండి. ఎక్కుడు ఎక్కువ, ఎండలో కష్టం.

ఇక లక్నవరం. మళ్ళీ పెద్ద రోడ్డెక్కి గోవిందరావుపేట వైపు పోయి, బుస్సాపురం మీదుగా అడవిలోకి మళ్ళాలి. చుట్టూ గుట్టలు, గుట్టల మధ్య నీళ్ళు, నీళ్ళలో దీవులు, దీవులకు వేలాడే వంతెనలు. సెలవు రోజుల్లో ఆ వంతెన మీద కాలు పెట్టే చోటుండదు. అది ఊగుతుంటే ఆడపిల్లలు కేకలు, మగపిల్లలు కావాలని ఇంకా ఊపడం. బాగానే ఉంటుంది, కాదనను. కాని లక్నవరంలో అసలు వింత వంతెన కాదు. కాకతీయుల ఇంజనీర్లు గుట్టల వరుసను చూసి, ఎక్కడెక్కడ సందులున్నాయో లెక్కపెట్టారు. మూడు ఇరుకు సందులు దొరికాయి. ఆ మూడింటినీ పొట్టి కట్టలతో మూశారు. మిగతా కట్ట పనంతా గుట్టలే చేసిపెట్టాయి. ఇంత పెద్ద చెరువుకు వాళ్ళు పోసిన మట్టి చూస్తే నవ్వొస్తుంది, అంత తక్కువ. చేత్తో చేసే పని కంటే కంటితో చేసిన పని ఎక్కువ అక్కడ.

ఒక ఏప్రిల్ నెలలో మా అన్న కొడుకు కుటుంబాన్ని తీసుకెళ్ళాను. నీళ్ళు బాగా దిగిపోయి ఉన్నాయి. దీవులు దీవుల్లా లేవు, ఎర్రమట్టి చారలు తేలిన గుట్టల్లా ఉన్నాయి. పడవ రేవు నుంచి నీళ్ళ దాకా బురద. మావాడు మొహం చిన్నబుచ్చుకొని "బాబాయ్, ఇంటర్నెట్లో ఇట్ల లేదు కదా" అన్నాడు. నేను తూము దగ్గరికి తీసుకెళ్ళాను. కట్ట మీద తుమ్మచెట్టు నీడలో, పార భుజాన పెట్టుకొని ఒక పెద్దాయన కూర్చొని ఉన్నాడు. తూము లోంచి కాలువకు పోయే నీటి చప్పుడు తప్ప ఇంకేం వినబడటం లేదు.

"ఏం బాపూ, చెరువు గిట్లయింది?" అన్నాన్నేను.

"గిట్ల కాకుంటె ఎట్లయితది సారూ? నీళ్ళు మా పొలంలకు వొయ్యె. యాసంగి నాటేసినం. ఇంకొక్క తడి అందితె పంట చేతికొస్తది. గా ఒక్క తడికే గీడ కూసున్న."

"వీడు నీళ్ళు చూస్తానికి వచ్చిండు."

పెద్దాయన మావాడిని ఎగాదిగా చూసి నవ్వాడు. "పట్నం కెల్లి వచ్చినవా బిడ్డా? చూస్తందుకైతె శ్రావణంల రావాలె. గిప్పుడైతె తింటందుకున్నయి నీళ్ళు."

మావాడు కట్ట అవతలి వైపు దిగి చూశాడు. కనుచూపు మేర పొట్టకొచ్చిన వరి. అంతసేపూ వాడు చెరువు ఎండిపోయిందనుకున్నాడు. చెరువు అటు పక్కకు మారింది, అంతే. పర్యాటకుల కోసం ఏడాది పొడుగునా నీటిమట్టం నిలపాలని అప్పుడప్పుడు ఎవరో అంటుంటారు. ఆ మాట కట్ట కింద రైతు ముందు అనమనండి చూద్దాం. సీజన్ కాదని తెలిసి కూడా నేను ఏప్రిల్‌లో ఒకసారైనా లక్నవరం పోతాను. ఖాళీ అయిన చెరువును చూస్తేనే అది ఎంత పని చేసిందో తెలుస్తుంది. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్కన చెరువు చేపలు వేయించి అమ్ముతుంటారు. బొచ్చె, రవ్వు. మసాలా కాస్త ఘాటే. మావాడు మూడు ముక్కలు తిన్నాక మళ్ళీ ఇంటర్నెట్టు మాట ఎత్తలేదు.

పస్రా దాటితే తాడ్వాయి అడవి. రోడ్డుకు రెండు పక్కలా కొమ్మలు కలుసుకుని పందిరి వేసినట్టుండేది. 2024 ఆగస్టు చివర వీచిన పెనుగాలికి మేడారం వైపు అడవిలో వేలాది పెద్ద చెట్లు ఒక్క పూటలో వేళ్ళతో సహా ఒరిగిపోయాయి. మొదటిసారి వచ్చినవాళ్ళకు ఆ ఖాళీ తెలియదు. మాకు తెలుస్తుంది.

మేడారం జాతర రెండేళ్ళకోసారి, మాఘ పున్నమికి. జాతరప్పుడు కోటికి లెక్క వేసే జనం. మామూలు రోజుల్లో పోతే గద్దెల దగ్గర పదిమందో ఇరవైమందో ఉంటారు. మీరు పోవాల్సింది అప్పుడే. జంపన్న వాగులో కాళ్ళు కడుక్కొని, సమ్మక్క గద్దె ముందు నిలబడి ఒక్క నిమిషం ఆలోచించండి. రామప్పలో మనం మెచ్చుకున్నది కాకతీయులను. ఇక్కడ మొక్కుతున్నది కాకతీయులతో పోరాడి ప్రాణాలు వదిలినవాళ్ళకు. కోయలు చెప్పే కథలో కరువొచ్చింది, కప్పం కట్టలేమన్నారు, ఓరుగల్లు సైన్యం దండెత్తి వచ్చింది. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, జంపన్న ఆ యుద్ధం చేశారు. జంపన్న దూకిన వాగుకే ఆయన పేరు. చెరువుల రాజ్యానికి కరువులో కప్పం అడిగే మరో మొహం కూడా ఉందని ఇక్కడికి వస్తేనే తెలుస్తుంది. కోటలో ఏ బోర్డు మీదా ఇది రాసి ఉండదు. రెండు కథలనూ ఒకే రోజు, ఒకే రోడ్డు మీద వినొచ్చు. ఏది నిజమని నన్నడిగితే, రెండింటినీ మోసుకొని ఇంటికి పొమ్మంటాను. ఇక్కడ అమ్మకు పెట్టే బంగారం కూడా బెల్లమే. రామప్ప పునాదిలో ఉన్నదీ బెల్లమే. ఎందుకో తెలియదు గానీ, ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఇంకా ముందుకు పోతే ఏటూరునాగారం, ఆ తర్వాత ముళ్ళకట్ట దగ్గర గోదావరి వంతెన. వంతెన రాకముందు వాజేడు పోవాలంటే పడవెక్కాలి, లేదా భద్రాచలం చుట్టు తిరిగి రావాలి. ఇప్పుడు వంతెన దాటి బొగత జలపాతం చేరడం సులువైంది. దాన్ని తెలంగాణ నయాగరా అని బోర్డుల మీద రాస్తున్నారు. నాకు నచ్చదు. బొగత అన్న మూడక్షరాల పేరుకేం తక్కువైంది? ఎత్తు పెద్దగా లేదు, వెడల్పు ఉంది. నల్లబండ మీద నుంచి తెల్లగా పరుచుకొని దూకుతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా చూడటానికి బాగుంటుంది. అయితే ఒక మాట. ఈ వాగు పై నుంచి, ఛత్తీస్‌గఢ్ అడవుల వైపు నుంచి వస్తుంది. మీ నెత్తి మీద ఎండ కాస్తున్నా అక్కడెక్కడో పడ్డ వాన గంటలో మీ ముందుకొస్తుంది. అటవీశాఖ వాళ్ళు దిగొద్దంటే దిగొద్దు.

2023 జూలై చివరి వారాన్ని ములుగు జిల్లా మరిచిపోదు. రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వారం ముత్యంధార జలపాతం చూడటానికి పోయినవాళ్ళు, వాగులు పొంగి, రాత్రంతా అడవిలోనే చిక్కుకున్నారు. ఆ వార్త విన్నప్పుడు నాకు కటాక్షపురం పిల్లగాడి మాటే గుర్తొచ్చింది. పారే నీళ్ళు మోకాలి దాకా వచ్చాయంటే మనిషిని పడేస్తాయి. ఇంకాస్త పెరిగితే కారునూ కదిలిస్తాయి. అవతలి ఒడ్డున ఎంత అందముంటే మనకేం? వెనక్కి తిప్పండి. జలపాతం వచ్చే వారం కూడా ఉంటుంది.

చివరగా పాకాల. ఇది ములుగు రోడ్డు మీద లేదు. వరంగల్ నుంచి నర్సంపేట పోయి, అక్కడి నుంచి తూర్పుకు పన్నెండు కిలోమీటర్లు. నన్నడిగితే ఓరుగల్లు చుట్టుపక్కల ఒక్క చోటే చూడటానికి సమయముందంటే పాకాలకే పొమ్మంటాను. గణపతిదేవుడి కాలంలో జగదల ముమ్మడి అన్న నాయకుడు తవ్వించిన చెరువు. నాయకుడి పేరు శాసనంలో ఉంది, మా ఊళ్ళలో చాలామందికి తెలియదు. నీటి విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది. చుట్టూ టేకు అడవి, 1952 నుంచి అభయారణ్యం. లక్నవరంలో ఉన్నంత హడావుడి ఇక్కడ లేదు. వేలాడే వంతెనలు లేవు. కట్ట మీద కూర్చుంటే అవతలి గుట్టలు పొద్దున నీలంగా, మధ్యాహ్నం ఆకుపచ్చగా, సాయంత్రం మళ్ళీ నీలంగా కనబడతాయి. నీటికోళ్ళు తలకిందులుగా మునిగి, మనం చూస్తున్న చోట కాకుండా ఇంకోచోట తేలుతాయి.

పోయినసారి మత్తడి పడ్డ మరునాడు పోయాను. రాతి మీద నీళ్ళు పలచగా, అద్దం పరిచినట్టు జారుతున్నాయి. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు పసుపూకుంకుమలు తెచ్చి, నీళ్ళలో పువ్వులు వదిలి, కొబ్బరికాయ కొట్టారు. ఒకావిడ వంగి ఆ నీళ్ళు దోసిట్లో పట్టి కళ్ళకద్దుకుంది. నేను కూడా చేయి పెట్టాను. చల్లగా, కొంచెం బురద వాసనతో ఉన్నాయి. "ఈ యేడు రెండు పంటలు గ్యారంటీ వదినె" అని ఆవిడ పక్కావిడతో అంటోంది. పక్కావిడ జవాబు చెప్పకుండా చెంగుతో మొహం తుడుచుకుంది.

పోయేవాళ్ళకు రెండు మాటలు. పొద్దున ఏడింటికల్లా బయల్దేరండి, చీకటి పడే లోపు అడవి దాటండి. పట్టుకెళ్ళిన ప్లాస్టిక్కు సీసాలు, పేపరు ప్లేట్లు మళ్ళీ సంచిలో వేసుకొని వచ్చెయ్యండి. తూములో ఇరుక్కునేవి అవే. బయల్దేరే ముందు తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి మత్తడి పడ్డదా అని ఒక్క మాట అడగండి. రోడ్డు మీద నీళ్ళున్నాయో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

అన్నట్టు, ఒక సంగతి చెప్పడం మరిచాను. రామప్పలో, లక్నవరంలో మత్తడి దుంకిన నీళ్ళు గోదావరికి పోతాయి. పాకాల నుంచి బయల్దేరిన నీళ్ళు మున్నేరై, ఖమ్మం పక్క నుంచి పారి, కృష్ణలో కలుస్తాయి.